మఖమల్ గడ్డి

చంకలో కత్తెర, కొప్పులో సుద్దముక్క, భుజమ్మీద మోయలేనంత గుడ్డ వేసుకుని తెరలక్క మెట్లు దిగేసరికి పెరడు లేదు.

ఉన్నదల్లా పగిలిన సిమెంటు పెళ్లలు, వాటి మధ్య చెవులు చిల్లులు పడేలా మోగుతున్న యంత్రం. దాన్ని పట్టుకున్నవాడి బుగ్గలు కూడా యంత్రంతోపాటు వణుకుతున్నాయి. బట్టలారేసే తీగను ఎవరో విప్పి చక్కగా చుట్టచుట్టి ఆఖరి మెట్టు మీద పెట్టారు. తీగ కట్టే ఇనప గుంజలు మొదళ్ళ మట్టితో సహా పెకిలించి గోడకు చేరవేశారు.

తెరలక్క ఆఖరి మెట్టు దగ్గరే ఆగిపోయింది. భుజమ్మీద ఉన్నది ఒక బడి రంగస్థలానికి కుట్టాల్సిన తెర. ముదురు ఎరుపు మఖమల్. మడత మీద మడత వేసి కోస్తే జారిపోయి వంకర తిరిగే రకం. ఒకే పొరగా పరిచి కోయాలి. మేడ మీద ఆమె ఉండే వాటాలో అంత చోటు లేదు. పైన పరుచుకుందామంటే డాబా కాదు, ఏటవాలు రేకుల కప్పు. ఇన్నాళ్ళూ ఇంటివాళ్ళు పనులకు వెళ్ళిపోయాక పెరట్లోకి దిగి, సిమెంటు నేల ఊడ్చుకుని, తడిగుడ్డ పెట్టుకుని, అక్కడే కోసుకునేది. కుట్టేదంతా తెరలే కాబట్టి వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె తెరలక్క. కోపం వచ్చినప్పుడు తప్ప మొగుడికి కూడా.

"అటు దిగకు, కాళ్ళు గీసుకుంటాయి," అంటూ వంటింటి గుమ్మంలోంచి ఇంటావిడ కేకేసింది. ఒక చేత్తో బ్యాగు సర్దుకుంటూ, ఇంకో చేత్తో కారు తాళాలు వెతుక్కుంటోంది. బీమా ఆఫీసులో పెద్ద ఉద్యోగం ఆవిడది. పొద్దున పూట ఆవిడతో మాట్లాడాలంటే వెంట నడవాల్సిందే.

"ఏం చేయిస్తున్నారండీ?"

"కోర్టు. పిల్లలు బంతాడుకుంటారు, మేం కాస్త బ్యాడ్మింటన్ ఆడుకుంటాం. మొత్తం గడ్డి పరిపిస్తున్నాం. ప్లాస్టిక్ గడ్డిలే."

"పెరడంతానా?"

"గోడ నుంచి గోడ దాకా. ఆయన నీకు చెప్పలేదూ?"

"లేదండి."

"ఆయన చెప్పారనుకున్నాను. నేను చెప్పాననుకుని ఆయన ఊరుకుని ఉంటారు." ఇంటావిడ తనలో తనే నవ్వుకునే నవ్వొకటి నవ్వింది. "తీగ సంగతేగా? ఎక్కడో ఒకచోట కట్టించేద్దాంలే." తాళాలు దొరికాయి. ఆవిడ వెళ్ళిపోయింది.

తీగ సంగతి కాదని చెప్పడానికి తెరలక్క నోరు తెరిచేలోపు కారు గేటు దాటింది. గుడ్డ మళ్ళీ భుజానికెత్తుకుని ఆమె మెట్లెక్కింది. దిగినప్పటికంటే రెట్టింపు బరువుగా ఉంది.

గదిలో మంచం నిలబెట్టి గోడకు ఆనించింది. బల్ల ఎత్తి వసారాలో పెట్టింది. చాప తీసేసి గుడ్డ పరిచి చూసింది. ఒక కొస వంటగదిలోకి వెళ్ళి గట్టు కింద ముడుచుకుంది, రెండో కొస గుమ్మం దాటి మెట్ల మీదకు జారింది. మోకాళ్ళ మీద అటొకసారి ఇటొకసారి పాకి, చివరికి తిట్టుకుంటూ చుట్టేసింది. మంచం మళ్ళీ దించి, దాని మీద పెట్టింది ఆ చుట్టను. కుట్టుమిషను కిటికీ పక్కనే. దిండు గలీబులు, గుమ్మం తెరలు లాంటి చిన్న పనులు ముందేసుకుని కూర్చుంది. మొహం గంటు పెట్టుకునే కూర్చుంది గానీ, రెండు కుట్లకోసారి కళ్ళు కిటికీలోంచి కిందకు దిగిపోతున్నాయి.

పెళ్లలు ఎత్తి బండికెక్కించారు. మట్టి తవ్వారు. యంత్రం పట్టుకున్నవాడే మేస్త్రి అనుకుంది. కాసేపటికి ఆ మనిషి ప్రతిదానికీ ఒక ఆడమనిషి దగ్గరకు వచ్చి అడిగి వెళ్ళడం గమనించింది. అసలు మేస్త్రి ఆమే. ముప్పై దాటిన మనిషి, తలకు టోపీ, ప్యాంటు మోకాళ్ళకు మందపాటి మెత్తలు, నడుముకు కొక్కెంలా వంకర తిరిగిన కత్తి. నడుస్తున్నంతసేపూ ఆమె నేలనే చూస్తుంది. అక్కడేదో పారేసుకున్నట్టు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మొగుడు, బస్సు కండక్టరు, చొక్కా విప్పుతూ భార్య వాలకం చూశాడు. పెరడు పోయిన వైనమంతా విన్నాడు.

"వెళ్ళి గట్టిగా అడగలేకపోయావా?"

"ఏమని అడగను? పెరడు వాళ్ళది. మనం అద్దె కట్టేది గదులకు."

"అది నిజమేలే." చొక్కా కొక్కేనికి తగిలించి, "మరి ఆ కిటికీ దగ్గరేం చేస్తున్నావు? కోపంగా ఉన్నావా, చోద్యం చూస్తున్నావా?" అన్నాడు.

"రెండూ," అంది తెరలక్క. "అంత లోతు ఎందుకు తవ్వారో అర్థం కావడం లేదు. పరిచేది గడ్డేగా?"

మర్నాడు కంకర వచ్చింది. లారీలోంచి జారిన చప్పుడుకు కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఇక ఉండబట్టలేక కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అమ్మాయ్, ఆ రాళ్ళెందుకు? గడ్డి కింద మట్టి కదా ఉండాలి?"

మేస్త్రి తలెత్తి చూసింది. "నీళ్ళు దిగడానికక్కా. మట్టయితే బురదైపోతుంది."

"ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళెందుకు?"

"మనం పోయం. వాన మన మాట వినదు కదా."

తెరలక్కకు నవ్వొచ్చింది. కోపంలో ఉన్నానన్న సంగతి గుర్తొచ్చి తల లోపలికి లాక్కుంది. కానీ ఆ తర్వాత ప్రశ్నలు ఆగలేదు. కంకర మీద రాతిపొడి పోసి బరువైన రోలరు తిప్పుతుంటే, పొడి ఎందుకని అడిగింది. పొడవాటి అల్యూమినియం పట్టీ నేల మీద ఆనించి, యంత్రం పట్టుకున్నవాడు, ఆమె తమ్ముడట, ఒక కొస పట్టుకుంటే మేస్త్రి బోర్లా పడుకుని, చెంప నేలకానించి పట్టీ కింద వెలుతురు చూస్తోంది. ఏం కనిపిస్తోందని అడిగింది.

"గోడ వైపు కాస్త వాలు ఉండాలక్కా. బంతికి తెలియకూడదు, నీళ్ళకు తెలియాలి."

ఆ మాట తెరలక్క కుట్టుకుంటూ రెండుమూడుసార్లు మనసులో అనుకుంది. ఎందుకో బాగుంది.

గడ్డి చుట్టలు వచ్చిన రోజు ఆమె ఇక మేడ మీద కూర్చోలేకపోయింది. గేటు పక్కన ఒకదాని మీదొకటి పేర్చిన చుట్టలు, దుంగల్లా లావు. కొస కొంచెం విప్పి ఉన్న చుట్ట దగ్గర గొంతుక్కూర్చుంది. అరచేత్తో ఇటు నిమిరింది. మెత్తగా వంగి జారిపోయింది. అటు నిమిరింది. గుచ్చుకుంటూ ఎదురు తిరిగింది. తిరగేసి అడుగు చూసింది. వరస తప్పకుండా కుట్లు. గడ్డిపోచలు గుడ్డలో కుట్టినవే.

"ఇది మఖమలేగా," అంది గట్టిగానే.

మేస్త్రి పక్కన వచ్చి నిలబడింది. "ఏంటక్కా?"

"మా మఖమల్ గుడ్డకూ ఇంతే, నూగు ఒక వైపే వాలుతుంది. జోడించే ముక్కలన్నీ ఒకే వాలు చూసి పెట్టాలి. తలకిందులు పెట్టామా, ఒక ముక్క ముదురుగా, ఒక ముక్క లేతగా కొడుతుంది."

"మాకూ అంతే. నేర్చుకునే రోజుల్లో ఒక చుట్ట తిప్పి పరిచేశాను. పొద్దున్నే వచ్చిన ఆ ఇంటాయన, సగం కోర్టుకే నీళ్ళు పోశారా అన్నాడు." మేస్త్రి నవ్వి, చేతులు దులుపుకుంది. "తాగడానికి నీళ్ళుంటే ఇస్తావా?"

నీళ్ళకని పైకి వచ్చిన మేస్త్రి గుమ్మంలో చెప్పులతోపాటు మోకాళ్ళ మెత్తలు కూడా విప్పి లోపలికొచ్చింది. మంచం మీది ఎర్రటి చుట్టను చూడగానే చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఇటోసారి, అటోసారి నిమిరింది.

"ఇదేనా నువ్వు చెప్పింది? ఇంకా కోయలేదేం?"

"చోటేదీ?"

"మామూలుగా ఎక్కడ కోస్తావు?"

తెరలక్క గ్లాసు చేతికిచ్చింది. "నువ్వు తవ్వావే, అక్కడ."

మేస్త్రి తాగబోయి ఆగింది. కిటికీలోంచి కిందకు చూసింది, మంచాన్ని చూసింది, మళ్ళీ కిందకు చూసింది.

"మాకెవరూ చెప్పలేదక్కా," అంది.

"నాకూ ఎవరూ చెప్పలేదు. నీ తప్పేముంది ఇందులో?"

"తప్పని కాదు. ఇన్ని పెరళ్ళు తవ్వాను. గేట్లో అడుగు పెట్టగానే ఎంత పొడవు, ఎంత వెడల్పు, నీళ్ళు ఎటు పోతాయి, ఇదే చూస్తాను. ఇంతకుముందు ఇక్కడ ఏం చేసుకునేవారని నేనెప్పుడూ అడగలేదు." నీళ్ళన్నీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు కిందపెట్టింది. "రేపు పొద్దున్నే దిగు. రాతిపొడి మీద తెల్లగుడ్డ పరుస్తాం, దుప్పటంటాం మేం దాన్ని. గోడ నుంచి గోడ దాకా ముడత ఉండదు. గడ్డి పరిచేది ఎండెక్కాకే. ఆలోపు కోసేసుకో."

"మీ దుప్పటి కూడా కోసేస్తానేమో."

"కోస్తే కొయ్యి. మా దగ్గర టేపుంది."

పొద్దున్నే దిగేసరికి పెరడంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. తెరలక్క అంచున చెప్పులు విప్పి, అడుగు పెట్టడానికి కాస్త జంకింది. అడుగున గట్టి నేల, పైన గుడ్డ. పొడవాటి బల్ల మీద నిలుచున్నట్టుంది. ఎర్రటి మఖమల్ గుడ్డను మేస్త్రి ఒక వైపు, తను ఒక వైపు పట్టుకుని ఊపి వదిలితే, గాలి నింపుకుని లేచి, మెల్లగా వాలింది. నూగు కిందకు, వెనక వైపు పైకి. ముడతలు అరచేతులతో తోసేశారు.

సుద్ద రాసిన దారం ఒక కొస తెరలక్క పట్టుకుంది. రెండో కొస పట్టుకోమని చెప్పబోతే మేస్త్రి అప్పటికే పట్టుకుని, బిగించి, బొటనవేలితో నేలకు నొక్కి ఉంచింది.

"నీకెలా తెలుసు?"

"మేం గీతలు కొట్టేదీ ఇలాగే."

దారం లాగి వదిలితే టప్‌మని తెల్లటి గీత పడింది. తెరలక్క మోకాళ్ళ మీద వంగింది. కత్తెర కింది రెక్క నేలకు ఆనించి, పైకెత్తకుండా, నీళ్ళలో పడవ నడిపినట్టు ముందుకు తోసుకుంటూ పోయింది. కరకరమనే ఆ చప్పుడు వినిపించి చాలా రోజులైనట్టు అనిపించింది. నిజానికి ఎన్నో రోజులు కాలేదు. మేస్త్రి గీత చివర నేలకు చెంప ఆనించి, కోత తిన్నగా వస్తోందో లేదో చూస్తోంది. అలవాటు పడ్డ మనిషి.

"ఏమిటిది?"

ఇంటావిడ టీ కప్పుతో గుమ్మంలో నిలబడి ఉంది. తెల్లటి నేల, దాని మీద ఎర్రటి గుడ్డ, అద్దెకున్న మనిషి, పనికొచ్చిన మనిషి. ఎవర్ని చూడాలో తెలియనట్టు అన్నింటినీ ఒకేసారి చూస్తోంది.

"నేనే రమ్మన్నానండి," అంది మేస్త్రి ముందుగా. "ఇంకాసేపటి దాకా ఇక్కడ మాకు పనిలేదు."

ఇంటావిడ ఏదో అనబోయింది. అంతలో గాలికి గుడ్డ కొస లేచి, కోసిన అంచు మడతపడబోయింది. కత్తెర వదిలి రావడానికి తెరలక్కకు వీల్లేదు. "అమ్మగారూ, ఆ కొస," అంది అప్రయత్నంగా. ఇంటావిడ కప్పు గుమ్మంలో పెట్టి, చెప్పులు వదిలి, గబగబా వచ్చి రెండు చేతులతో కొస అదిమిపట్టింది. కోత అయ్యేదాకా ఆఫీసు చీరలో అలాగే చతికిలబడి ఉంది.

"ఇంతింత గుడ్డలు ఎప్పుడూ ఇక్కడే కోసేదానివా?"

"మీరు ఆఫీసుకు వెళ్ళాక."

"నువ్వు బట్టలారేసుకోవడానికే దిగుతావనుకున్నాను." ఇంటావిడ చేతికంటిన ఎర్రటి నూగు చూసుకుంది. "ఇంత పని జరుగుతుందని నాకు తెలియదు."

తెరలక్క కత్తెర మూసింది. చాలాసేపు వంగి ఉండటం వల్లనేమో మాట సూటిగా వచ్చింది. "అడిగితే చెప్పేదాన్నండి."

"ముందే చెప్పి ఉంటే ఏం చేసేదానివి?"

"ఏమీ చేసేదాన్ని కాదు. పెరడు మీది. కానీ ఈ గుడ్డ ముందురోజే కోసుకునేదాన్ని."

ఇంటావిడ లేచి చీర దులుపుకుంది. గుడ్డ మడవడానికి సాయం చేసింది. వెళ్ళబోతూ ఆగి, "గడ్డి పరిచాక కూడా దిగు. మేం లేనప్పుడు ఖాళీగానే ఉంటుంది కదా, దాని మీదే కోసుకో," అంది. మనస్ఫూర్తిగానే అంది.

ఆ పగలంతా తెరలక్క మిషను మీద ఎర్రటి అంచు మడత కుడుతూ, కిటికీలోంచి గడ్డి పరవడం చూసింది. చుట్టలు విప్పి పక్కపక్కన దొర్లించారు. తీరా చూస్తే అన్నీ అలలు, ముడతలు. అలాగే వదిలేసి మేస్త్రి, తమ్ముడు నీడలో కూర్చుని అన్నాలు తిన్నారు. తర్వాత కూడా కదల్లేదు.

"అమ్మాయ్, లాగి అతికించెయ్యండి, వంకర పోతుంది," అని అరిచింది తెరలక్క.

"వద్దక్కా. చుట్టుకుని చుట్టుకుని వచ్చింది, కాసేపు నడుం వాల్చనివ్వాలి. ఇప్పుడు లాగి అతికిస్తే ఎండకు సాగి ఉబ్బుతుంది."

తెరలక్క నాలిక్కరుచుకుంది. కొత్త గుడ్డ నీళ్ళలో నానబెట్టి, ఆరాక గానీ తను మాత్రం కత్తెర పెడుతుందా? నిజంగానే ఎండ వాలేసరికి ముడతలు వాటంతటవే సర్దుకున్నాయి. అప్పుడు మేస్త్రి వంకర కత్తితో అంచులు కోసి, కింద పట్టీ పరిచి, జిగురు పూసి, రెండు అంచులూ దగ్గరకు చేర్చింది. ఒక్క పోచ జిగురులో ఇరుక్కోకుండా వేళ్ళతో పైకి తీస్తూ, తలకు పాపిడి తీసినంత ఓపికగా గోడ దాకా పాకింది. జోడింపు ఎక్కడుందో పైనుంచి చూస్తున్న తెరలక్కకు కూడా కనిపించలేదు. ఆ తర్వాత గీతల కోసం పచ్చ గడ్డిని సన్నగా కోసి తీసి, ఆ సందులో తెల్ల గడ్డి పట్టీలు కూర్చారు. చివర్న సన్నటి ఇసక జల్లి, గుండ్రంగా తిరిగే పెద్ద చీపురు యంత్రంతో ఊడ్చారు. ఇసక పోచల మొదట్లోకి దిగింది. పడుకున్న గడ్డి లేచి నిలబడింది.

వెళ్ళే ముందు మేస్త్రి మిగిలిన తెల్ల దుప్పటి ముక్కొకటి చుట్టి తెచ్చి మెట్ల దగ్గర ఇచ్చింది.

"దేనికి?"

"ఏమో. నీకు పనికొస్తుందనిపించింది." టోపీ తీసి తల గోక్కుంది. "ఇంకో ఇంట్లో పని ఒప్పుకున్నాం. అక్కడా పెరడే. వెళ్ళగానే అడుగుతాను, ఇక్కడ మీరేం చేసుకునేవారని. ఇంటివాళ్ళు పిచ్చిదాన్ననుకుంటారేమో."

"అనుకోనీ. ఎవరో ఒకరు చెబుతారు," అంది తెరలక్క.

ఇంటావిడ మాట తీసెయ్యడం ఇష్టంలేక, తర్వాతి పని వచ్చినప్పుడు తెరలక్క గడ్డి మీదే గుడ్డ పరిచింది. సుద్ద దారం లాగి వదిలితే గీత సగం పడింది, సగం పడలేదు. అడుగున మెత్తన. కత్తెర రెక్క నేల మీద జారదే, పోచల్లో ఇరుక్కుంటోంది. గుడ్డ తీసి దులిపితే ఇసక. గోడ నుంచి గోడ దాకా పచ్చగా, అందంగా పరుచుకున్న ఆ మైదానం మధ్యలో కూర్చుని ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనసారా ఇచ్చిన చోటు. పనికిరాని చోటు. పనిలేక కూర్చున్నది కాస్తా వెల్లకిలా పడుకుంది. వీపు కింద గడ్డి చిరచిరలాడింది. తనుండే కిటికీ కిందనుంచి ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. చిన్నగా ఉంది.

సెలవు రోజున ఇంటావిడే అడిగింది, కోయడానికి రావడం లేదేమని. తెరలక్క నీళ్ళు నమలకుండా చెప్పేసింది. ఇంటావిడ మొహం కాస్త చిన్నబోయింది. గడ్డిని కాలితో ఒకసారి రాసి చూసింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి ఇంటి ముందు వైపు చూసి, "కారు తీశాక కారు షెడ్డు ఖాళీయేగా," అంది. కారు షెడ్డు ఇరుకు. మధ్యలో నూనె మరకలు. మేస్త్రి ఇచ్చిన దుప్పటి పరిస్తే మరకలు మూసుకుపోయాయి గానీ, పెద్ద గుడ్డ రెండు విడతలుగా కోయాలి. మునుపటంత సుఖం లేదు. పని మాత్రం నడుస్తోంది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం తలుపు మీద ఎవరో కొట్టారు. తెరలక్క తీస్తే ఇంటావిడ. మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మం పట్టుకుని నిలబడింది. ఈ వాటా అద్దెకిచ్చాక ఆవిడ పైకి రావడం ఇదే మొదలు. లోపలికి రమ్మంటే మంచం అంచున కూర్చుంది, ఎక్కడ పెట్టాలో తెలియని వస్తువులా బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పడానికి రాలేదు. అడగడానికి వచ్చాను," అంది. అంటున్నప్పుడు ఆవిడకే కొత్తగా ఉన్నట్టుంది. "ఆయన ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. కోర్టుకు లైట్లు పెట్టిద్దామంటున్నారు. స్తంభాల మీద, పెద్దవి. మీ కిటికీలో వెలుతురు పడుతుందేమోనని."

తెరలక్కకు మొదట ఆ మాట పూర్తిగా తలకెక్కలేదు. ఎక్కాక, అలవాటుగా ప్రశ్నలు వచ్చాయి. స్తంభం ఎంత ఎత్తు? ఏ మూల? లైటు కిందకు తిరిగి ఉంటుందా, ఎదురుగానా? ఎంతసేపు వెలుగుతుంది? సగానికి ఇంటావిడ దగ్గర జవాబు లేదు. భర్తకు ఫోను చేసి అడిగి చెప్పింది. తెరలక్క లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, ఆ మూల చూసి, వెనక్కి తిరిగి తన మంచం చూసింది.

"తెల్లవారకముందే డ్యూటీకి పోయే మనిషండీ మా ఆయన. పెందలాడే పడుకుంటాడు. స్తంభం సరిగ్గా ఆయన దిండుకు ఎదురు."

"అదీ నిజమే." ఇంటావిడ ఆలోచించి, కాస్త వెలిగిన మొహంతో, "నువ్వే తెరలు కుట్టేదానివి కదా. మందపాటి గుడ్డతో ఒకటి కుట్టి కిటికీకి వేసుకుంటే? గుడ్డ నేను కొనిస్తాను," అంది.

సబబైన మాటే. ఒక పూట పని కూడా కాదు. ఎవరైనా ముందుగా వచ్చి అడిగితే దేనికైనా సరేనంటాననే తెరలక్క ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది. పెరడు పోయిన రోజు కూడా ఆమె మనసు కష్టపెట్టుకున్నది అడగనందుకే. ఇప్పుడు ఎదురుగా కూర్చుని అడుగుతున్నారు. నోట్లోంచి వచ్చిన మాట విని ముందు తనే ఆశ్చర్యపోయింది.

"వద్దండి."

"తెర వద్దా?"

"లైట్లు వద్దండి. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ తెరలు కుడతాను గానీ, ఆ కిటికీకి వెయ్యను. అందులోంచి చూస్తూ ఉండటం నాకిష్టం."

గొంతు మెత్తగానే ఉంది, మాట మాత్రం వెనక్కి తగ్గలేదు. ఇంటావిడ బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది. కింద పిల్లలు బంతి తన్నిన చప్పుడు, గోడకు తగిలి తిరిగొచ్చిన చప్పుడు. తెరలక్క వెళ్ళి పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది.

"సరే అయితే," అంది ఇంటావిడ. "సెలవు రోజుల్లో పగలు ఆడుకోమని చెబుతాను ఆయన్ని. కాస్త ఎండ తగిలితే అరిగిపోరులే."

ఇద్దరూ నవ్వారు. పని అయిపోయింది కాబట్టి ఆవిడ లేచి వెళ్తుందనుకుంది తెరలక్క. ఆవిడ వెళ్ళలేదు. పొయ్యి మీద టీ పొంగు వచ్చేలోపు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, చట్రం పట్టుకుని కిందకు వంగి చూసింది.

"ఇక్కణ్ణించి చూస్తే మా పెరడు ఇంత పెద్దదా?" అంది తనలో తను అనుకుంటున్నట్టు.

తెరలక్క టీ గ్లాసు ఆవిడ చేతికిచ్చి, ఇంకొంచెం బాగా కనిపించేలా కుట్టుమిషను పక్కకు జరిపింది.